డోలు నాయిస్ కాదు

మా సిద్దిపేటలో కంప్యూటర్‌కు ఏ రోగమొచ్చినా మందు ఒక్కటే: ఫార్మాట్. స్లో అయిందా, ఫార్మాట్. ప్రింటర్ పలకట్లేదా, ఫార్మాట్. స్పీకర్లలోంచి గుయ్యిమని శబ్దం వస్తోందా, అదీ ఫార్మాటే. మా ఊరిని తక్కువ చేయడానికి ఈ మాట అనట్లేదు. హైదరాబాద్‌లో అద్దాల మేడల్లో ఉండే ఏ ఐటీ ఆఫీసు హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసినా దొరికేది ఇదే మందు. కాకపోతే అక్కడ దాన్ని 'రీ-ఇమేజ్' అంటారు, చేతికో టికెట్ నంబరు ఇస్తారు. వైద్యం మాత్రం మారదు.

నా వాదన ముందే చెప్పేస్తాను. ఇంటి కంప్యూటర్లో వింత శబ్దం వచ్చినప్పుడు జరిగే మొదటి పొరపాటు టెక్నికల్ పొరపాటు కాదు, చెవి పొరపాటు. శబ్దాన్ని వినకుండానే మందు వేసేస్తున్నారు. ఇది కంప్యూటర్ షాపు దగ్గరే ఆగిపోతే దీనిమీద వ్యాసం అక్కర్లేదు, మూడు వందలు ఇచ్చి ఫార్మాట్ కొట్టించుకుని ఇంటికి పోవచ్చు. కానీ ఈ వినకపోవడమే ఇప్పుడు సాఫ్ట్‌వేర్ అయింది. అది మన పాటల్ని, మన కథల్ని, ఆఖరికి మన ఇళ్లలో మాట్లాడుకునే మాటను కూడా 'నాయిస్' అని లెక్కగట్టి తుడిచేస్తోంది. తుడిచినట్టు మనకు చెప్పట్లేదు కూడా. నా గొడవ దాంతోనే.

* * *

"అన్నా, సౌండ్ సరిగ్గ వస్తలేదు."

షాపువాడికి వినిపించే ఫిర్యాదు ఈ ఒక్క వాక్యమే. పాపం వాడు మాత్రం ఏం చేస్తాడు? ఇందులో రోగం పేరు లేదు, లక్షణం లేదు. తెలుగులో శబ్దాలకు పేర్లు కరువయ్యాయా అంటే అదీ కాదు. గుయ్యిమనడం వేరు, గరగర వేరు. చిటపట వేరు, కీచుమనడం వేరు. బొంగురుపోవడం వేరు, పూడుకుపోవడం వేరు. బోరు మోటారు చెడిపోయిన రైతు మెకానిక్ దగ్గరికి పోతే "మోటరు ఖరాబైంది" అని ఊరుకోడు. "షురూల గుర్రుమంటది, జరసేపైనంక టక్ టక్ కొడ్తది, నీళ్లు ఆగి ఆగి పోస్తది" అంటాడు. సగం రిపేరు అక్కడే అయిపోయింది. అదే రైతు కొడుకు, బీటెక్ చదివినవాడు, ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి "ఆడియో ఇష్యూ" అంటాడు. నాలుగేళ్ల చదువు వాడికి ఇంగ్లీషులో రెండు మాటలిచ్చి, తెలుగులో ఇరవై మాటలు తీసేసుకుంది.

ఆ ఇరవై మాటల్లో ఎంత విజ్ఞానం ఉందో కొన్ని కేసులు చూద్దాం.

మొదటిది, గుయ్యిమనే శబ్దం. ఒకే శ్రుతిలో, ఆగకుండా, పాట ఉన్నా లేకపోయినా వచ్చేది. మన దేశంలో కరెంటు 230 వోల్టులు, దిశ మారుస్తూ సెకనుకు 50 పూర్తి చుట్లు తిరుగుతుంది. ఆ 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100, ఇంకా పై గుణిజాలు కలిసి స్పీకర్లోకి చొరబడితే వినిపించేదే ఈ శబ్దం. దీనికి పరీక్ష కూడా సులువు. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేయండి. శబ్దం పోయిందా? అయితే రోగం విండోస్‌లో లేదు, గోడలో ఉంది. డెస్క్‌టాప్ ఇనప డబ్బా మీద వేలి వెనక భాగం ఆనించినప్పుడు సన్నగా జివ్వుమందా? అయితే ఎర్తింగ్ లేదు. కంప్యూటర్ పవర్ సప్లైలో వడపోత కోసం పెట్టే కెపాసిటర్ల వల్ల, ఎర్త్ దొరకనప్పుడు ఆ డబ్బా మీద దాదాపు సగం వోల్టేజీ తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషి బతికిపోతాడు. కానీ ఆ కొంచెం కరెంటే ఆడియో కేబుల్ తొడుగులోంచి యాంప్లిఫయర్‌కు దారి వెతుక్కుంటే గుయ్యిమంటుంది.

సిద్దిపేటలో మాకు తెలిసిన ఒకింట్లో ఈ శబ్దానికి రెండుసార్లు ఫార్మాట్ అయింది, ఒకసారి సౌండ్ కార్డు మారింది. చివరికి తేలిందేమిటంటే, ఇంటి వెనక ఎర్తింగ్ గుంతలో వైరు ఉప్పుకు తినిపోయి తెగి ఉంది. ఎలక్ట్రీషియన్ కొత్త వైరు బిగించి, బొగ్గూ ఉప్పూ వేసి, రెండు బకెట్ల నీళ్లు పోశాడు. కంప్యూటర్ బాగైంది. ఇంజనీరింగ్ కాలేజీలో ఈ పాఠం నాకెవరూ చెప్పలేదు. ఎండాకాలంలో ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోయాలని పాత ఇళ్లలో పెద్దవాళ్లందరికీ తెలుసు.

దీనికి ఇంకో నాటు వైద్యం ఉంది, అది మాత్రం ప్రమాదం. మూడు పిన్నుల ప్లగ్గులో పైనుండే లావు పిన్నును పీకేయడం. కంప్యూటర్, యాంప్లిఫయర్ రెండూ ఎర్త్ అయ్యి వాటి మధ్య కేబుల్ ఒక చుట్టులా తయారైనప్పుడు కూడా గుయ్యిమంటుంది. అలాంటప్పుడు ఆ పిన్ను తీసేస్తే శబ్దం నిజంగానే పోతుంది. రేపు లోపల వైరు తెగి డబ్బాకు తగిలినప్పుడు కరెంటు భూమిలోకి పోవాల్సిన దారి కూడా దాంతోనే పోతుంది. శబ్దం పోవడం, రోగం పోవడం ఒకటి కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీంతో పనుంది.

రెండోది, చిటపట. పొయ్యిలో పచ్చికట్టె పెట్టినట్టు పాట మధ్యలో తెగి తెగి వచ్చేది. దీనికి గోడతో సంబంధం లేదు. కంప్యూటర్ శబ్దాన్ని ధారగా పోయదు, చెంబులతో పోస్తుంది. విండోస్ మామూలుగా 10 మిల్లీసెకన్ల చెంబులు వాడుతుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో చెంబులో 480 నమూనాలు. తర్వాతి చెంబు వేళకు అందకపోతే ఆ సందులో చిట్‌మంటుంది. ఎందుకు అందలేదు? వైఫై డ్రైవరో, గ్రాఫిక్స్ డ్రైవరో ప్రాసెసర్‌ను ఆ 10 మిల్లీసెకన్లూ తన దగ్గరే పట్టుకుని కూర్చుంది. వైఫై ఆపి చూడండి. చిటపట ఆగితే దొంగ దొరికినట్టే. స్పీకర్లు మార్చినందువల్ల లాభం లేదు.

మూడోది, గొంతు సన్నబడటం. మగవాడి గొంతు కుర్రాడి గొంతులా, పాట కొంచెం తొందరగా. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర చేసిన రికార్డును 48 కిలోహెర్ట్జ్ అనుకుని వాయిస్తే ఇలా అవుతుంది. శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది, గంట కార్యక్రమం 55 నిమిషాల్లో అయిపోతుంది. సంగీతం తెలిసినవాళ్లు వెంటనే పట్టేస్తారు. తెలియనివాళ్లు "ఎందుకో పాత పాటలా లేదు" అంటారు. ఆ 'ఎందుకో' విలువైన మాట. దాన్ని కొట్టిపారేయకూడదు.

నాలుగోది నాకు అన్నిటికంటే ఇష్టమైన వింత. సినిమా పాట పెడితే వయొలిన్లు వస్తాయి, తబలా వస్తుంది, కోరస్ కూడా ఎక్కడో దూరంగా వస్తుంది. బాలు గొంతు మాత్రం రాదు! దయ్యం పట్టిందనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. జరిగేది ఇది: స్టీరియో పాటల్లో గాయకుడి గొంతును మధ్యలో, అంటే కుడి ఎడమల్లో సరిసమానంగా పెడతారు. హెడ్‌ఫోన్ పిన్నులో రెంటికీ కలిపి ఒకటే తిరుగు వైరు ఉంటుంది. అది తెగితే కుడి ఎడమ స్పీకర్లు రెండూ ఒకే వరసలో కలిసిపోయి, వాటికి అందేది రెంటి మధ్య తేడా మాత్రమే. రెంటిలో సమానంగా ఉన్నది సున్నా అవుతుంది. అంటే బాలు పోతాడు, తేడాగా ఉన్న వాద్యాలు మిగులుతాయి. నాలుగు గీతల పిన్నుల్లో మైకు గీత, ఎర్త్ గీత ఏది ముందు రావాలన్న దానిమీద రెండు పద్ధతులున్నాయి. ఒక పద్ధతి హెడ్‌సెట్‌ను రెండో పద్ధతి ఫోన్లో పెట్టినా ఇదే మాయ. ఒక మనిషి గొంతు పోవడానికి కారణం ఆ మనిషి మధ్యలో ఉండటం, తిరుగు దారి తెగిపోవడం. దీన్ని ఫార్మాట్ ఏం బాగుచేస్తుంది?

* * *

ఇక్కడ మిత్రులు అనే మాట నాకు తెలుసు. "ఇదంతా వినడానికి బాగుంది బాస్, ఎవరికుంది టైము? ఫార్మాట్ కొడితే సగం కేసులు బాగవుతాయి కదా."

అవుతాయి. ఎందుకు బాగవుతాయో కూడా చెప్తాను. చాలా శబ్ద సమస్యలు ఎక్కడో మారిపోయిన ఒక సెట్టింగు వల్ల వస్తాయి, ఫార్మాట్ అన్ని సెట్టింగుల్నీ మొదటికి తెస్తుంది. తలుపు గడియ బిగుసుకుపోతే ఇల్లు కూలగొట్టి మళ్లీ కట్టినట్టు. గడియ బాగయ్యే మాట నిజమే. కానీ ఏది మారిందో ఎవరికీ తెలియదు కాబట్టి నెల తర్వాత మళ్లీ అదే గడియ బిగుసుకుంటుంది.

పైగా, కొన్ని వింతలు రోగాలే కాదు. ఎవరో ఆలోచించి పెట్టిన ఏర్పాట్లు. విండోస్‌లో కాల్ మొదలవగానే మిగతా శబ్దాలన్నీ 80 శాతం తగ్గించే సెట్టింగు ఒకటి డిఫాల్ట్‌గా ఉంటుంది. మీరు పాట వింటూ ఉంటారు, కాల్ వస్తుంది, పాట కొడిగడుతుంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైకు ఆన్ కాగానే పాట పాత ల్యాండ్‌లైన్లోంచి వస్తున్నట్టు అవుతుంది. ఎందుకంటే మైకు పనిచేసే పద్ధతికి మారినప్పుడు అది స్టీరియో వదిలేసి 8 లేదా 16 కిలోహెర్ట్జ్ మోనోకు దిగిపోతుంది. ఫార్మాట్ కొట్టాక కూడా ఇవి అలాగే ఉంటాయి. ఎందుకంటే ఇవి చెడిపోయిన యంత్రం శబ్దాలు కావు, సరిగ్గా పనిచేస్తున్న యంత్రం శబ్దాలు. 'మాట ముఖ్యం, పాట కాదు' అని ఎవరో ఎక్కడో కూర్చుని నిర్ణయించారు. ఆ నిర్ణయం మన ఇంట్లో రోగంలా వినిపిస్తోంది.

అసలు గొడవ ఇక్కడ మొదలవుతుంది.

* * *

సిద్దిపేట జిల్లా అనగానే మాకు కొమురవెల్లి మల్లన్న. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు కొమురవెల్లి మా జిల్లాలోకి వచ్చింది గానీ, మల్లన్న మా ఇళ్లలోకి అంతకు చాలా తరాల ముందే వచ్చాడు. ఇంట్లో శుభం జరిగితే మల్లన్నకు పట్నాలు వేస్తారు. రంగుల పొడులతో నేలమీద ముగ్గుపట్నం, ఒగ్గు పూజారులు, రాత్రంతా కథ. ఒగ్గు అంటే శివుడి డమరుకం. దాంతో పాటు డోలు, తాళాలు, నపీర. చుక్క సత్తయ్య, మిద్దె రాములు లాంటివాళ్లు ఈ కథను జాతర్ల నుంచి రేడియో దాకా, వేదికల దాకా తీసుకెళ్లారు. సత్తయ్య 2017లో పోయారు. ఈ కథలో వాద్యం పక్కవాద్యం కాదు. కథకుడు ఒక మాట అని ఆపుతాడు, మిగతా వాక్యం డోలు పూర్తిచేస్తుంది. మల్లన్న గుర్రమెక్కాడని నోటితో చెప్పి, గుర్రం నడకను డోలుకు వదిలేస్తాడు.

మా ఇంట్లో పట్నాలు వేసినప్పుడు అమెరికాలో ఉన్న మా చిన్నాయన కొడుకు వీడియో కాల్‌లో చూస్తానన్నాడు. ల్యాప్‌టాప్ వాకిట్లో పెట్టాం. మూడు డోళ్లు మోగుతున్నాయి, పక్క వాడకు కూడా వినపడుతోంది. పది నిమిషాలకు వాడు అడిగాడు: "అన్నా, ఇంక మొదలు కాలేదా? సప్పుడేం వస్తలేదు."

వాడికి ఏం వినిపిస్తోందో చెప్పమన్నాను. కథకుడి మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. డోలు లేదు. నపీర మొదట ఒక క్షణం వినిపించి కరిగిపోతోంది. వెనకాల గోడకానుకుని కూర్చున్న ముసలమ్మ "చాయ్ పోసిన్రా?" అని అడిగింది మాత్రం గుడిగంటలా స్పష్టంగా వినిపించింది. రాత్రంతా జరిగే మల్లన్న కథలో ఆ కాల్ యాప్‌కు అర్థవంతంగా తోచింది చాయ్ ఒక్కటే.

ఒక్కొక్కటే ఆపుతూ పోయాను. ముందు యాప్‌లో నాయిస్ తగ్గించే ఆప్షన్. డోలు సగం వచ్చింది. తర్వాత ల్యాప్‌టాప్ సౌండ్ డ్రైవర్‌లో 'ఎన్‌హాన్స్‌మెంట్స్' పేరుతో ఇంకో జల్లెడ. నపీర నిలబడింది. ఆ తర్వాత వాల్యూమ్‌ను దానంతటదే పెంచీ తగ్గించే ఇంకో ఏర్పాటు. అది తీసేశాకే డోలు దెబ్బకూ దెబ్బకూ మధ్య బలం తేడా తెలిసింది. మూడు జల్లెడలు. వీటిలో ఏ ఒక్కదాన్నీ మా ఇంట్లో ఎవరూ ఆన్ చేయలేదు.

ఈ జల్లెడ ఎలా పనిచేస్తుందో తెలిస్తే కోపం ఇంకా పెరుగుతుంది. 1979లో స్టీవెన్ బోల్ అనే శాస్త్రవేత్త ఒక పద్ధతి ప్రతిపాదించాడు. మాట లేనప్పుడు వెనకాల ఉండే శబ్దాన్ని కొలిచి, మాట ఉన్నప్పుడు దాన్ని తీసివేయడం. దీని వెనక ఊహ ఏమిటంటే, మారకుండా నిలబడి ఉండేది నాయిస్, మారుతూ ఉండేది మాట. ఫ్యాన్ విషయంలో ఈ ఊహ నిజం. శ్వాస బిగబట్టి ఒకే స్వరం మీద నిలబడే నపీర విషయంలో? ఆ కళాకారుడు ఎంత బాగా నిలబడితే అంతగా ఫ్యాన్ కిందికి లెక్క. తర్వాత న్యూరల్ నెట్‌వర్కులు వచ్చాయి. 2017లో వచ్చిన ఆర్‌ఎన్‌నాయిస్ లాంటివి ఇది మాట, ఇది నాయిస్ అని రికార్డులు విని నేర్చుకుంటాయి. వాటికి రెండే గంపలు. మాట గంపలో పడనిది ఏదైనా రెండో గంపలోకే పోతుంది. కుక్క అరుపు, మిక్సీ, డోలు, అన్నీ ఒకటే.

చెవికి కొలత ఎవరిది అన్న ప్రశ్న కొత్తది కాదు. టెలిఫోన్ 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యనే మోసింది, ఎందుకంటే మాట అర్థం కావడానికి అది చాలు. డోలు లోతైన మోతలో చాలా భాగం ఆ 300కు కిందే ఉంటుంది. ఎంపీ3 తయారుచేస్తున్నప్పుడు జర్మనీలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ దాన్ని సరిచూసుకోవడానికి వాడిన పాటల్లో సుజాన్ వేగా పాడిన వాద్యంలేని పాట ఒకటి. ఒంటరి ఆడగొంతు చెడకుండా వచ్చేదాకా ఆయన దాన్ని మళ్లీ మళ్లీ దిద్దాడు. అందులో తప్పేమీ లేదు, ఎవరైనా తమకు తెలిసిన శబ్దంతోనే మొదలుపెడతారు. కానీ తమకు తెలిసిన శబ్దాన్ని 'శబ్దం' అనీ, తెలియనిదాన్ని 'నాయిస్' అనీ పిలిస్తే అది కొలత అనిపించుకోదు, తీర్పు అవుతుంది.

* * *

"ఆఫీసు కాల్‌లో పక్కింటి డ్రిల్లింగ్ మిషన్ వినాలా మరి?" అని అడగొచ్చు. అక్కర్లేదు. నేనూ రోజుకు నాలుగు గంటలు కాల్స్‌లోనే ఉంటాను, నాయిస్ తీసేసే సాఫ్ట్‌వేర్ లేకపోతే నా ఉద్యోగం జరగదు. చెవి సరిగ్గా వినపడనివాళ్లకు ఇది ఇంకా పెద్ద సాయం. పనిముట్టు మీద నాకు కోపం లేదు. అడగకుండా, చెప్పకుండా, అన్ని గొంతుల మీదా ఒకే పనిముట్టు పెట్టడం మీదే నా కోపం. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' అని ఒక ఆప్షన్ ఉంది. పేరు చూడండి. ఉన్నది ఉన్నట్టు పంపడం ప్రత్యేకంగా కోరుకోవలసిన వస్తువు అయిపోయింది.

కాల్ అంటే ఆ పూటకు పోయేది. పోకూడనివి ఉన్నాయి, అవి ఇప్పుడు పోతున్నాయి. మా వైపు చాలా ఇళ్లలో బీరువా పైన డబ్బాలో క్యాసెట్లున్నాయి. టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్న పట్నాల కథలు, బతుకమ్మ పాటలు, పోయినవాళ్ల గొంతులు. పిల్లలు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు, మంచిదే. ఎక్కించే క్షణంలోనే 'క్లీన్' బటన్ నొక్కి, క్లీన్ చేసిందే దాచి, క్యాసెట్ పారేస్తున్నారు. క్యాసెట్ 'హుస్స్' అనే శబ్దమూ, తాళాల మెరుపూ ఒకే ఎత్తైన పౌనఃపున్యాల్లో ఉంటాయి. హుస్ పోయిన చోట తాళాలూ పోతాయి. వినేవాళ్లు "అబ్బ, ఎంత నీట్‌గా ఉందో" అంటారు. ఎర్త్ పిన్ను పీకినప్పుడు కూడా నీట్‌గానే ఉంటుంది.

నాయిస్ అనుకునేది కొన్నిసార్లు సాక్ష్యం. క్యాసెట్ ప్లేయర్ హెడ్ వాలు సరిగ్గా లేకపోతే శబ్దం పూడుకుపోతుంది. చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పుతూ హుస్, తాళాలు అన్నిటికంటే పదునుగా వినపడే చోట ఆపాలి. అంటే హుసే దారి చూపిస్తుంది. ఇంకా అందమైన సంగతి ఒకటుంది. ముప్పై ఏళ్ల కింద ఆ రికార్డింగులో దొర్లిన కరెంటు గుయ్యిమోత టేపులో అలాగే ఉండిపోతుంది. అది 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. కంప్యూటర్‌లో కొలిస్తే 52 దగ్గర కనిపించిందా? అయితే టేపు నాలుగు శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. ఆ మోతను 50కి దించితే తాత గొంతు తాత గొంతులా వస్తుంది. నేరపరిశోధనలో కూడా రికార్డింగు అసలుదో కాదో తేల్చడానికి ఈ కరెంటు మోతనే చూస్తారు. మొదటి రోజే దాన్ని తుడిచేసినవాడికి తాత అసలు శ్రుతి తెలుసుకునే ఒక మంచి దారి మూసుకుపోయినట్టే.

ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ ఈ విషయంలో ఎప్పటినుంచో ఒకటే మాట చెబుతోంది: ముందు ఉన్నది ఉన్నట్టు ఎక్కించు, కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు, వీలైతే 96. కుదింపు వద్దు, శుభ్రం చేయొద్దు. శుభ్రం చేసిన కాపీ కావాలంటే తర్వాత వేరుగా చేసుకో. ఇది పెద్ద పెద్ద భాండాగారాలకే కాదు, సిద్దిపేట బీరువాకూ వర్తిస్తుంది. దీనికి కావలసింది ఒక క్యాసెట్ ప్లేయరు, ఒక వైరు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు, కొంత ఓపిక.

* * *

ఇది సాహిత్య పత్రిక, ఇక్కడ కంప్యూటర్ గొడవేంటి అనేవాళ్లకు ఒక మాట. మనం ఈ పని అక్షరాల్లో చాలాకాలంగా చేస్తున్నాం. తెలంగాణ రచయిత 'వస్తలేదు' అని రాస్తే 'రావడం లేదు' అని దిద్దిన చేయి ఏం చేసింది? నాయిస్ తీసేసింది. మన సినిమాల్లో ఒక యాసను దశాబ్దాలపాటు రౌడీకీ, పనిమనిషికీ, కమెడియన్‌కీ మాత్రమే ఇచ్చి, హీరో గొంతులోంచి తీసేశారు. అది కూడా రెండు గంపల పద్ధతే. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేసుకున్నాం. ఆ రోజు సభల్లో చప్పట్లు కొడతాం. మర్నాడు నా ఫోన్లో మా అమ్మ "కరెంటొస్తలేదు" అని చెప్తే, అది "కరెంట్ వస్తుంది లేదు" అని టైపు చేసి పంపింది. మనుషులు దిద్దడం మానేసిన చోట యంత్రాలు మొదలుపెట్టాయి. వాటికి నేర్పింది మళ్లీ మనం దిద్దిన అక్షరాలే.

పుస్తక సమీక్షలు కూడా ఫార్మాట్ కొట్టడంలోనే ఉన్నాయి. కథ చదివి ఎక్కడ గుయ్యిమంది, ఎక్కడ చిటపటలాడింది, ఎక్కడ మధ్యలోని గొంతు మాయమైంది అని చెప్పకుండా 'హృద్యంగా ఉంది', 'శిల్పం కుదరలేదు' అని రెండు బటన్లు నొక్కుతున్నాం. 'ధ్వని' అనే మాటకు మన కావ్యశాస్త్రంలో ఎంత లోతైన అర్థం ఉందో ఈ పత్రిక పాఠకులకు చెప్పక్కర్లేదు. పైకి అన్న మాటకు వెనక మోగేదాన్ని వినడమే ధ్వని. వెనక మోగేదాన్ని తీసేసే సాఫ్ట్‌వేర్‌కు ఆనందవర్ధనుడు ఏ పేరు పెట్టేవాడో!

* * *

అందుకని నేను అడిగేవి నాలుగే.

కంప్యూటర్ షాపువాళ్లు బిల్లు మీద ముందు శబ్దం పేరు రాయండి. 'గుయ్యిమంటోంది, ఛార్జర్ పీకితే ఆగుతోంది' అని ఒక్క లైను. మాట్లాడినందుకు డబ్బులు తీసుకోండి, వినడం కూడా పనే. ఫార్మాట్‌కు డబ్బులిచ్చి వినడానికి ఇవ్వని కస్టమర్లదే ఇందులో సగం తప్పు.

ఇంట్లోవాళ్లు ఒకసారికి ఒక్కటే మార్చండి. ఛార్జరు, తర్వాత వైరు, తర్వాత స్పీకరు, తర్వాత సెట్టింగు. నాలుగూ ఒకేసారి మారిస్తే శబ్దం పోవచ్చు, ఎందుకు పోయిందో తెలిసే అవకాశం కూడా దాంతోపాటే పోతుంది.

క్యాసెట్లున్నవాళ్లు శుభ్రం చేయని కాపీని ఎప్పటికీ పారేయకండి. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌కు డోలు తెలియదు. రేపటిదానికి తెలియాలంటే అది వినడానికి అసలు డోలు ఎక్కడో ఒకచోట మిగిలుండాలి.

ఇక నాలాగా సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాళ్లకు. ఒక జల్లెడ పెడితే అది కనపడేలా పెట్టండి. ఆపే బటన్‌ను ఏడు మెనూల కింద పాతిపెట్టకండి. దానికి తెలుగులో పేరు పెట్టండి, పెట్టేముందు అది ఏం తీసేస్తుందో విని పెట్టండి. మీ పరీక్షల కోసం దాచుకున్న రికార్డుల్లో ఒక్క ఒగ్గుకథ, ఒక్క చిందు, ఒక్క బతుకమ్మ పాట లేకుండా 'అన్ని పరిస్థితుల్లోనూ పరీక్షించాం' అని రాయకండి.

ముందు వినండి. అప్పటికీ ఫార్మాటే కొట్టాలనిపిస్తే కొట్టండి. కనీసం ఏం చెరిపేస్తున్నారో తెలిసి చెరిపేస్తారు.